మచ్చలేని ఆకును చూసి మురిసిపోకండి

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, వ్యవసాయ డిప్లొమా చదువుతున్న పిల్లలకు, ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చిన రైతులకు నమస్కారం.

"గోధుమ మన పంట కాదు కదండీ, దాని తెగులు గురించి ఇక్కడెందుకు?" అని ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తెలంగాణలో అక్కడక్కడా వేస్తారు, ఆంధ్రలో దాదాపు లేదు. కానీ షుగర్ పుణ్యమా అని రాత్రిపూట చపాతీ తినని ఇల్లు ఇప్పుడు ఎక్కడుంది? ఆ పిండి పంజాబ్, మధ్యప్రదేశ్ పొలాల నుంచి వస్తుంది. అది ఒక సంబంధం. ఇంకో సంబంధం ఉంది, అది మన తుఫాన్లతో. దాని దగ్గరికి వస్తాను.

వేరుశనగ వేసేవాళ్లకు తుప్పు తెగులు కొత్త కాదు. ఆకు అడుగున ఎర్రటి పొక్కులు, వేలితో రుద్దితే కుంకుమ అంటినట్టు పొడి. గోధుమకు ఇది మూడు రకాలుగా వస్తుంది. కాండాన్ని పట్టేది నల్ల తుప్పు, ఆకును పట్టేది గోధుమరంగు తుప్పు, ఆకు మీద చారలు చారలుగా వచ్చేది పసుపు తుప్పు. మూడూ మూడు వేర్వేరు శిలీంద్రాలు. పసుపు తుప్పుకు చలి కావాలి, నల్ల తుప్పుకు కాస్త వెచ్చదనం కావాలి. ఒక్కో పొక్కులో వేల శిలీంద్ర బీజాలుంటాయి. అవి గాలికి లేచి, తడి ఉన్న ఆకు మీద వాలి, పదిహేను రోజులు తిరక్కుండానే కొత్త పొక్కులు వేస్తాయి. పంట కాలంలో ఎన్నిసార్లు ఇలా జరుగుతుందో లెక్కేసుకోండి. 1946-47లో మధ్య భారతంలో నల్ల తుప్పు విరుచుకుపడినప్పుడు దాదాపు 20 లక్షల టన్నుల గోధుమ పోయిందని అంచనా.

ఈ శిలీంద్రానికి బతికున్న మొక్క కావాలి. ఎండిన గడ్డి మీద, మట్టిలో ఇది బతకదు. మరి ఏప్రిల్‌లో కోతలైపోయి, మే నెలలో ఉత్తర భారతం పొయ్యిలా మండుతుంటే, మళ్లీ డిసెంబర్ నాటికి తుప్పు ఎక్కడి నుంచి వస్తోంది? ఐరోపాలో, అమెరికాలో దీనికి జవాబు దొరికింది. నల్ల తుప్పు బార్బెర్రీ అనే ముళ్ల పొద మీద తన జీవితంలో ఒక భాగం గడుపుతుందని 1865లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ నిరూపించాడు. అమెరికాలో 1916లో భయంకరమైన నల్ల తుప్పు వచ్చాక, 1918 నుంచి ఆ పొదలను ఊరూరా పీకించారు.

మన హిమాలయాల్లోనూ బార్బెర్రీ ఉంది. కాబట్టి ఇక్కడా అదే కథ అనుకున్నారు. ఆగ్రా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే కరమ్ చంద్ మెహతా మాత్రం అలా అనుకుని ఊరుకోలేదు. ఏళ్ల తరబడి కొండలెక్కి చూశాడు. మన దేశంలో బార్బెర్రీ పాత్ర ఏమీ లేదని, కొండల మీద వేసవిలోనూ పచ్చగా ఉండే గోధుమ, పొలం గట్ల మీద రాలిన గింజ నుంచి మొలిచే గోధుమ, వీటి మీదే తుప్పు వేసవి దాటుతుందని తేల్చాడు. ఉత్తరాన హిమాలయాలు, దక్షిణాన నీలగిరి, పళని కొండలు. 1930లో సిమ్లాలో ఆయన మొదలుపెట్టిన ప్రయోగశాల ఈ రోజుకీ ఫ్లవర్‌డేల్ అనే చోట నడుస్తోంది. దేశంలో ఏ మూల తుప్పు కనిపించినా ఆ ఆకు కవర్లో పెట్టి అక్కడికే పంపుతారు. మన దేశంలో మొక్కల తెగుళ్ల శాస్త్రం గురించి ఎవరైనా ఒక్క పేరు చెప్పమంటే నేను మెహతా పేరే చెబుతాను. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు రెండు వాక్యాలు కూడా ఉండవు, అది వేరే బాధ.

ఇప్పుడు తుఫాను సంగతి. నవంబర్‌లో బంగాళాఖాతంలో పుట్టే తుఫాన్లు మనకు వరి కోతల టెన్షన్. నీలగిరి తుప్పుకు మాత్రం అవి ప్రయాణ సాధనం. తుఫాను దక్షిణ తీరం దాటేటప్పుడు గాలులు నీలగిరుల మీది బీజాలను ఎత్తుకుపోయి మధ్య భారతం మీదికి తీసుకెళతాయి. అక్కడ వాన పడితే బీజాలు సరాసరి లేత గోధుమ మీదికి దిగుతాయి. 1970లలో నాగరాజన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఉపగ్రహ మేఘ చిత్రాలు పెట్టుకుని దీన్ని అధ్యయనం చేసి, ఏ పరిస్థితులు కలిస్తే నల్ల తుప్పు వస్తుందో సూత్రాలు రాశారు. నీలగిరుల్లో తుప్పును తట్టుకునే రకాలు వేస్తే కింద మధ్యప్రదేశ్ రైతుకు సగం రక్షణ అక్కడే దొరుకుతుంది. అందుకే కూనూరు పక్కన వెల్లింగ్టన్‌లో 1954 నుంచి భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకు ఒక కేంద్రం ఉంది. గోధుమ పెద్దగా పండించని తమిళనాడులో గోధుమ ప్రజనన కేంద్రమేమిటని ఆశ్చర్యపోకండి. తుప్పు ఏడాది పొడవునా దానంతటదే దొరికే చోటు అది. బ్రీడర్‌కు, అంటే కొత్త రకాలు తయారుచేసేవాడికి, అంతకంటే మంచి పొలం ఏముంటుంది?

సరే, అసలు విషయానికి వస్తాను. తట్టుకునే శక్తి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు లెక్క ప్రకారం వస్తుందని మొదట చూపించింది కేంబ్రిడ్జిలో రోలండ్ బిఫెన్, 1905లో. పసుపు తుప్పు పట్టే రకాన్ని, పట్టని రకాన్ని కలిపితే మొదటి తరం అంతటికీ తెగులు పట్టింది. రెండో తరంలో నాలుగింట ఒక వంతు మొక్కలు శుభ్రంగా నిలిచాయి. మెండెల్ బఠాణీల్లో చూసిన లెక్కే. దాంతో, ఒక్క మంచి జీన్, అదే జన్యువు, పట్టుకుంటే చాలు, పని అయిపోయినట్టే అని అందరికీ ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఎక్కువ కాలం నిలవలేదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎల్విన్ స్టాక్‌మన్ అనే ఆయన, నల్ల తుప్పు అంటే ఒకటి కాదు, చూడటానికి ఒకేలా ఉండే అనేక తెగలని తేల్చాడు. 12 గోధుమ రకాలను వరుసగా పెట్టి, ఏ తుప్పు ఏ రకాన్ని పడుతుందో, దేన్ని వదిలేస్తుందో చూసి తెగలకు నంబర్లు ఇచ్చాడు. ఆ 12లో ఒకటి మన ఖప్లీ. అవును, ఇప్పుడు హైదరాబాద్ ఆర్గానిక్ షాపుల్లో ఆకాశాన్నంటే ధర పెట్టి కొంటున్నారే, ఆ ఖప్లీ గోధుమే. దాన్ని సిడ్నీలో వాటర్‌హౌస్ అనే శాస్త్రవేత్త స్టైన్‌వెడెల్ అనే రకంతో కలిపి ఖప్‌స్టైన్ అనే గోధుమ చేశాడు. ఖప్లీలో ఉన్న ఎస్ఆర్13 అనే జీన్ యూజీ99 మీద కూడా పనిచేస్తుంది. యూజీ99 ఏమిటో చెబుతాను, ఒక్క నిమిషం.

ఒక్క తెగను తట్టుకున్న రకం ఇంకో తెగకు ఎందుకు లొంగిపోతుంది? 1940లలో నార్త్ డకోటాలో హెరాల్డ్ ఫ్లోర్ అవిసె తుప్పు మీద పనిచేసి జవాబు చెప్పాడు. మొక్కలో తట్టుకునే జీన్ ఒకటి ఉంటే, దానికి సరిగ్గా జోడీగా శిలీంద్రంలో ఒక జీన్ ఉంటుంది. మొక్క జీన్‌ను ఒక వాచ్‌మన్ అనుకోండి. అతనికి ఒకే ఒక్క దొంగ ముఖం తెలుసు. ఆ దొంగ వస్తే కేకేస్తాడు, తుప్పు దిగిన చోట ఉన్న కణాలు తమంతట తామే చచ్చిపోతాయి, బతికున్న కణం దొరక్క తుప్పు కూడా అక్కడే చస్తుంది. ఆకు మచ్చలేకుండా మెరుస్తుంది. కానీ శిలీంద్రంలో ఆ ఒక్క ముఖం మారితే చాలు, వాచ్‌మన్ చూస్తూ కూర్చుంటాడు. కోట్ల కోట్ల బీజాల్లో అలా మారినది ఒక్కటి చాలు. మిగతా తెగలన్నిటికీ ఆ పొలంలో తిండి లేదు, దీనికి మాత్రం పొలమంతా తనదే. ఆ రకం ఎంత ఎక్కువ విస్తీర్ణంలో వేస్తే, ఆ ఒక్కటీ అంత వేగంగా రాజ్యమేలుతుంది. ఈ రంగంలో ఓటమి కంటే విజయమే ఎక్కువ ప్రమాదమని నేను అనడానికి కారణం ఇదే.

హరిత విప్లవంతో పేరొచ్చిన నార్మన్ బోర్లాగ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేం. అందరూ ఆయన్ని పొట్టి గోధుమల మనిషిగానే గుర్తుపెట్టుకున్నారు. కానీ 1944లో ఆయన మెక్సికో వెళ్లినప్పుడు ముఖ్యమైన పని నల్ల తుప్పుతోనే. ఆయన స్టాక్‌మన్ శిష్యుడు. ఏడాదికి ఒక తరం చాలదని, సోనోరాలో శీతాకాలం పంట, అక్కడి నుంచి విత్తనం తెచ్చి రెండు వేల ఆరువందల మీటర్ల ఎత్తున ఉన్న తొలుకాలో వేసవి పంట, ఇలా ఏడాదికి రెండు తరాలు లాగాడు. ఒక చోట నిలిచిన మొక్క రెండో చోట తెగులు ముందు కూడా నిలబడాలి. తరువాత ఆ మెక్సికో గోధుమ లెర్మా రోహో 64 విత్తనాలు 18,000 టన్నులు 1966లో మన దేశం దిగుమతి చేసుకుంది. ఆ వెనుకే కల్యాణ్ సోనా, సోనాలికా వచ్చాయి. అంతకంటే ముందే, 1954లో, మన గోధుమ బ్రీడర్ బెంజమిన్ పియరీ పాల్ మూడు తుప్పులనూ తట్టుకునే ఎన్‌పీ 809 రకం ఇచ్చారన్నది మనం మరిచిపోతాం.

కల్యాణ్ సోనా ఉత్తరాదిన ఊపేసింది. కొన్నేళ్లకే, 1970లలో, గోధుమరంగు తుప్పుకు లొంగింది. పాఠం నేర్చుకున్నామా? 1995లో లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి పీబీడబ్ల్యూ 343 అనే రకం వచ్చింది. దిగుబడి బాగుంది, ఆకు శుభ్రం. రైతులు ఎగబడ్డారు. దాదాపు 70 లక్షల హెక్టార్లు ఒకే రకం! పసుపు తుప్పు మీద దాని బలమంతా వైఆర్27 అనే ఒక్క జీన్ మీద నిలబడి ఉంది. 2001 ప్రాంతంలో పంజాబ్‌లోనే దాన్ని దాటే తెగ కనబడింది. రైతుది తప్పని నేను అనను. పక్కవాడి చేను శుభ్రంగా ఉంటే ఆ విత్తనమే అడుగుతాడు, ఎవరైనా అంతే. విత్తనం అమ్మేవాళ్లకూ ఒకే రకం అమ్మడం సులువు. ఏ రకం ఎంత విస్తీర్ణం దాటకూడదో ముందే చూసుకోవాల్సింది ప్రభుత్వ యంత్రాంగం, మా బ్రీడర్లు. మేం కూడా మా రకం ఎన్ని లక్షల హెక్టార్లకు పాకిందో చెప్పుకుని సన్మానాలు చేయించుకున్నవాళ్లమే. (నవ్వులు)

యూజీ99 గురించి చెబుతానన్నాను. గోధుమలోకి రై అనే ధాన్యం నుంచి ఒక క్రోమోజోము ముక్క వచ్చింది. ఆ ఒక్క ముక్కలోనే మూడు తుప్పుల మీదా పనిచేసే జీన్లు ఉన్నాయి. ఎస్ఆర్31 వాటిలో ఒకటి, నల్ల తుప్పు మీద. ప్రపంచంలో సగం మంది బ్రీడర్లు ఆ ముక్కను వాడారు. పీబీడబ్ల్యూ 343లో కూడా అది ఉంది. ఎస్ఆర్31 ముందు నల్ల తుప్పు నిలవదన్న ధీమాతో కొత్త తరం శాస్త్రవేత్తలు నల్ల తుప్పును చూడకుండానే రిటైర్ అయ్యేట్టున్నారు. 1998లో ఉగాండాలో ఎస్ఆర్31 ఉన్న గోధుమ మీద పొక్కులు కనిపించాయి. ఈ కొత్త నల్ల తుప్పు తెగను మరుసటి ఏడాది, 1999లో, ప్రకటించారు, అందుకే యూజీ99 అనే పేరు. అక్కడి నుంచి కెన్యా, ఇథియోపియా, ఎర్రసముద్రం దాటి యెమెన్, 2007లో ఇరాన్. మన దేశంలోకి ఇంతవరకు రాలేదు. తొంభై ఏళ్లు దాటిన బోర్లాగ్ 2005లో మళ్లీ గొంతెత్తాడు. కెన్యాలోని న్జోరోలో పొలం పెట్టి ప్రపంచమంతటి గోధుమలను యూజీ99 ముందు నిలబెట్టి చూశారు. మన వంగడాలూ వేలల్లో అక్కడికి వెళ్లాయి. అక్కడ ఎస్ఆర్24 అనే ఇంకో జీన్ నిలిచిందని సంతోషించేలోపే, 2006లో దాన్నీ దాటిన తెగ అదే కెన్యాలో పుట్టింది.

ఇథియోపియా కథ ఇంకా చేదు. 2010లో పసుపు తుప్పుతో అక్కడి పంట తుడిచిపెట్టుకుపోయాక, రైతులంతా డిగాలు అనే రకానికి మారారు. అది పసుపు తుప్పును తట్టుకుంటుంది, యూజీ99నీ తట్టుకుంటుంది. 2013-14లో నల్ల తుప్పు వచ్చి ఆ డిగాలునే ఊడ్చేసింది. వచ్చినది యూజీ99 కాదు, దానికి సంబంధమే లేని వేరే తెగ. అందరూ ఒక వాకిలి వైపు చూస్తూ కూర్చుంటే అది పెరటి నుంచి వచ్చింది.

మరి దారి? దారి చాలా కాలంగా కళ్ల ముందే ఉంది, మేమే చెత్తబుట్టలో వేస్తూ వచ్చాం. అమెరికాలో సౌత్ డకోటాకు చెందిన ఎడ్గర్ మెక్‌ఫాడెన్, మార్క్విస్ అనే రొట్టె గోధుమను యారొస్లావ్ అనే ఎమ్మర్ గోధుమతో (ఎమ్మర్ అంటే పాతకాలపు గోధుమ జాతి) కలిపాడు. ఒకదానికి 42 క్రోమోజోములు, రెండోదానికి 28. సులువుగా కలిసే జోడీ కాదు. 1920లలో దానిలోంచి హోప్ అనే రకం వచ్చింది. పేరుకు తగ్గట్టు. దాని నుంచి వచ్చిన ఎస్ఆర్2 అనే జీన్ ఇప్పటికీ పనిచేస్తోంది. బోర్లాగ్ మెక్సికో రకాల్లో, వాటి ద్వారా మన రకాల్లో అది ఉంది. ఇది ఆకును మచ్చలేకుండా ఉంచదు. తుప్పు పడుతుంది, కానీ పొక్కులు తక్కువ, చిన్నవి, ఆలస్యంగా వస్తాయి. పైగా కొన్ని చోట్ల కంకి పొట్టు మీద నల్లటి మరక వేస్తుంది. రైతు దాన్ని చూసి తెగులే అనుకుంటాడు. ఎల్ఆర్34 అని ఇంకోటి ఉంది, బ్రెజిల్ రకం ఫ్రొంటానా ద్వారా పాకింది. గోధుమరంగు తుప్పు, పసుపు తుప్పు, నల్ల తుప్పు, బూడిద తెగులు, నాలుగింటినీ కొంత కొంత అడ్డుకుంటుంది. ఆకు చివర ఎండినట్టు ఉంటుంది, అదే దాని గుర్తు. 2009లో దాన్ని వేరు చేసి చూస్తే, అది దొంగను పట్టే జీన్ కాదు, కణంలో పదార్థాలను అటూ ఇటూ చేరవేసే ప్రోటీన్‌ను తయారుచేసే జీన్ అని తేలింది. శిలీంద్రం ముఖం మార్చుకుని దీన్ని మోసగించడానికి ఇక్కడ గుర్తుపట్టే వ్యవహారమే లేదు. దశాబ్దాలుగా వాడుతున్నా దీన్ని దాటిన తెగ రాలేదు.

పొలంలో ఎంపిక ఎలా చేస్తామో చెబితే మా తప్పు మీకు అర్థమవుతుంది. పరీక్ష వరుసల మధ్య, చుట్టూ, తెగులు తేలిగ్గా పట్టే రకం వేస్తాం, మన దగ్గర ఆగ్రా లోకల్ వంటిది. దాని మీద బీజాలు కలిపిన నీళ్లు చల్లుతాం. అది ఎర్రగా కాలిపోయినట్టు అయినప్పుడు, మిగతా వరుసల్లో ఆకు మీద ఎంత శాతం తుప్పు పట్టింది, పొక్కు ఎంత పెద్దది అని మార్కులు వేస్తాం. సున్నా వచ్చిన మొక్కకు దారం కట్టి, ఇరవై శాతం వచ్చిన దాన్ని పీకేస్తాం. అంటే ఒక్కటే తెగులును పూర్తిగా ఆపే పెద్ద జీన్‌ను మాత్రమే ఏరుకుని, ఎస్ఆర్2, ఎల్ఆర్34 లాంటివాటిని తరతరాలుగా పారేస్తున్నాం అన్నమాట. మెక్సికోలో ఉన్న అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న కేంద్రంలో రవి సింగ్ వంటివాళ్లు దీన్ని తిరగేశారు. ఇరవై, ముప్పై శాతం తుప్పు పట్టిన తల్లిదండ్రులనే కావాలని తీసుకుని, వాటిని వాటితో కలిపారు. ఇలాంటి చిన్న జీన్లు నాలుగైదు ఒకే మొక్కలో చేరేసరికి తుప్పు దాదాపు కనిపించదు. ఎదురుగా ఉన్న ఒక్క జీన్‌ను దాటితే చాలదు, నాలుగైదింటిని ఒకేసారి దాటాలి. దాటినా శిలీంద్రానికి దక్కే లాభం కొంచెమే.

ఇందులో చిక్కు లేకపోలేదు. చిన్న జీన్లు లేత మొక్కలో పనిచేయవు, ఎదిగాకే. తెగులు ముందే వస్తే నష్టం తప్పదు. చలి ఎక్కువున్న చోట కొన్ని బలహీనపడతాయి. కాబట్టి పెద్ద జీన్లను పూర్తిగా వదిలేయమని కాదు, వాటిని ఒంటరిగా పంపొద్దంటున్నాను. ఇప్పుడు డీఎన్ఏ మార్కర్లు అనే గుర్తులతో ఏ మొక్కలో ఏది ఉందో పొలానికి పోకుండానే చూడొచ్చు. లూథియానావాళ్లు 2017లో పీబీడబ్ల్యూ 343లోకి రెండు అడవి గడ్డి జాతుల నుంచి వచ్చిన జీన్లు ఎక్కించి ఉన్నత్ పీబీడబ్ల్యూ 343గా తెచ్చారు. ఆస్ట్రేలియావాళ్లు ఐదు జీన్లను ఒకే చోట గుదిగుచ్చి జన్యుమార్పిడి గోధుమ చేసి 2021లో ప్రకటించారు. పనితనం గొప్పదే. రైతు పొలం దాకా వస్తుందా అంటే అది రాజకీయం, నేను దిగను.

చివరగా అగ్గి తెగులు. వరి రైతులకు దీని పేరు చెబితే చాలు. అదే జాతి శిలీంద్రం 1985లో బ్రెజిల్‌లో మొదటిసారి గోధుమను పట్టింది. ఎందుకు పట్టిందో 2017లో జపాన్ శాస్త్రవేత్తలు వివరించారు. గోధుమలో ఆర్‌డబ్ల్యూటీ3 అనే జీన్ ఉంది, గడ్డి మీద బతికే అగ్గి తెగులును అది ఎప్పటినుంచో ఆపుతోంది. అలాంటి జీన్ ఒకటుందని ఎవరికీ తెలియదు. ఆ జీన్ లేని అనహుయాక్ అనే రకాన్ని బ్రెజిల్‌లో విస్తారంగా వేశారు. ఆ రకం మీద తెగులు గోధుమను తినడం నేర్చుకుంది, తరువాత మార్పు చెంది మిగతా రకాలనూ పట్టింది. 2016లో బంగ్లాదేశ్‌కు వచ్చి ఎనిమిది జిల్లాల్లో దాదాపు 15,000 హెక్టార్లను దెబ్బతీసింది. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లో 2017 నుంచి ప్రభుత్వం గోధుమ వేయొద్దని ఆపేసింది. 2011లో కోనసీమ రైతులు తమంతట తాము ప్రకటించిన క్రాప్ హాలిడే వేరు, ఇది పైనుంచి వచ్చిన హాలిడే.

ఇప్పుడు అగ్గి తెగులుకు మన చేతిలో ఉన్న పెద్ద ఆధారం 2ఎన్ఎస్ అనే క్రోమోజోము ముక్క. ఫ్రాన్స్‌లో ఒక అడవి గడ్డి నుంచి వేరే తెగుళ్ల కోసం గోధుమలోకి తెచ్చినది. ఉన్నత్ పీబీడబ్ల్యూ 343లో పసుపు తుప్పును ఆపే వైఆర్17 కూడా ఆ ముక్క మీదే ఉంది. బంగ్లాదేశ్ 2017లో విడుదల చేసిన బారి గోమ్ 33 దాని మీదే ఆధారపడింది. దక్షిణ అమెరికాలో దాన్ని దాటే తెగలు అప్పుడే కనిపిస్తున్నాయి. అందుకని బొలీవియాలో, బంగ్లాదేశ్‌లోని జషోర్‌లో పొలాలు పెట్టి, 2ఎన్ఎస్ లేకుండానే అగ్గి తెగులును తట్టుకునే గోధుమ కోసం వేల రకాలను వెతుకుతున్నారు. అంత బలమైనది ఇంకోటి దొరకలేదు. దొరుకుతున్నవి చాలావరకు కొంచెం కొంచెం పనిచేసే చిన్న జీన్లు. నాకైతే అది చెడ్డ కబురుగా అనిపించడం లేదు.

ప్రశ్నల చీటీలు రాసినవాళ్లు ముందుకు పంపండి.